ఉచిత కచేరీకి అయిన ఖర్చు

నేను పిసినారిని కానంటే మా ఇంట్లో నమ్మేవాళ్ళు లేరు. నా లెక్కలో నేను పొదుపరిని. పిసినారికి ఖర్చంటే భయం ఒక్కటే ఉంటుంది. పొదుపరికి ఆ భయాన్ని కప్పిపుచ్చుకునే సిద్ధాంతం కూడా ఉంటుంది. నా సిద్ధాంతం ప్రకారం ఇంగ్లండులో టికెట్టు పెట్టి చూపించేవన్నీ ఒకప్పటి జమీందార్ల మేడలు, వాళ్ళ పడకగదులు, వాళ్ళు తిని కడిగిన కంచాలు. అసలైన కళంతా ఊరి బయట, కొండల మీద, వానలో తడుస్తూ ఉచితంగా పడి ఉంటుంది.

మాంచెస్టరు శివార్లలో మా కాపురం. ఆ వేసవికి తెనాలి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చారు. వాళ్ళకి చూపించాల్సిన కోటలు, సరస్సుల్లో పడవ షికార్లు, తోటలు, మేడలు అన్నీ మా ఆవిడ వరసగా రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. అందరూ పడుకున్నాక నేను పెన్సిలు తీసుకుని ఒక్కో పేరు పక్కన నలుగురు పెద్దవాళ్ళకీ ఒక పిల్లకీ ఎంతవుతుందో వేసుకుంటూ వెళ్ళాను. కింద కూడిక వేశాను. ఆ రాత్రే నాలో కళాభిమానం పుట్టింది.

పుట్టిన కళాభిమానం తెల్లారేదాకా నన్ను కంప్యూటరు ముందు నుంచి లేవనివ్వలేదు. గేట్స్‌హెడ్ దగ్గర ‘ఏంజెల్ ఆఫ్ ది నార్త్’ ఉంది. ఆంటొనీ గోర్మ్‌లీ చేసిన ఈ ఉక్కు దేవదూత 1998 నుంచి రెక్కలు చాచుకుని నిలబడి ఉంది. ఎత్తు 20 మీటర్లు, రెక్కల పొడవు ఈ చివరి నుంచి ఆ చివరికి 54 మీటర్లు, బరువు 200 టన్నులు. ఏ1 రోడ్డు మీద పోతూ కారు దిగకుండానే చూసెయ్యొచ్చు. ఇంతటి అనుకూలమైన శిల్పం ప్రపంచంలో ఇంకోటి ఉండదు. అదే శిల్పి పోతపోయించిన 100 మంది ఇనప మనుషులు లివర్‌పూల్ దగ్గర క్రాస్బీ తీరంలో సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంటారు. పోటు వస్తే మునుగుతారు, ఆటు వస్తే తేలతారు. సెయింట్ హెలెన్స్‌లో మూతపడ్డ బొగ్గుగని మీద కళ్ళు మూసుకున్న ఒక అమ్మాయి తల ఉంది. 20 మీటర్ల తెల్లటి తల. జౌమె ప్లెన్సా అనే స్పెయిన్ శిల్పి చేసింది, 2009లో నిలబెట్టారు. అన్నీ ఉచితం. గేటు లేదు, తాళం లేదు, అడిగేవాడు లేడు.

పొద్దున కాఫీ దగ్గర ఇవన్నీ ఏకరువు పెట్టాను. మా ఆవిడ ఓపిగ్గా విని, “మా అమ్మా నాన్నా ఇంత దూరం విమానంలో వచ్చింది సముద్రంలో మునిగే ఇనప మనుషుల్ని చూడటానికా? పైగా మొండెం లేని తల ఒకటి! ఇంకా నయం, శ్మశానానికి తీసుకెళ్తానన్లేదు” అంది. ఇంగ్లండులో శ్మశానాలు కూడా ఉచితమేనని, కొన్నింటిలో చూడదగ్గ శిల్పాలున్నాయని నాకు తెలుసు. సమయం కాదని ఊరుకున్నాను.

అప్పుడు తీశాను నా బ్రహ్మాస్త్రం. “పోనీ, పాడే చెట్టుని చూస్తారా అత్తయ్యగారూ?”

మా అత్తయ్యగారు నాతో నేరుగా మాట్లాడరు. అది ఆవిడ పాటించే మర్యాద. నేను పక్కనే ఉన్నా కూతురి వైపు తిరిగే చెబుతారు. “అమ్మాయీ, అల్లుడుగారు పాట అంటున్నారు. పాటంటే వెళ్దాం.” పదేళ్ళ వయసు నుంచి సంగీతం నేర్చుకున్న మనిషి. కాదనరని నాకు ముందే తెలుసు. పొదుపరి ఎప్పుడూ ఎదుటివాళ్ళ బలహీనత చూసుకునే బాణం వేస్తాడు.

ఆ చెట్టు పేరు ‘సింగింగ్ రింగింగ్ ట్రీ’. లాంకషైరులో బర్న్‌లీ ఊరికి పైన, పెనైన్ కొండల్లో, క్రౌన్ పాయింట్ అనే చోట ఉంది. మైక్ టాంకిన్, అన్నా లియూ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు రూపొందించారు, 2006లో పూర్తయింది. మూడు మీటర్ల ఎత్తున, జింకు పూత పూసిన ఉక్కు గొట్టాలని వరస మీద వరస పేర్చి, ఒక్కో వరసనీ కొంచెం కొంచెం తిప్పుకుంటూ పోయారు. గాలికి ఒక పక్కకి ఒరిగిన చెట్టు ఆకారం వచ్చింది. ఆ గొట్టాల్లోకి కొండగాలి దూరితే చెట్టు పాడుతుంది. బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ ఆర్‌ఐబీఏ 2007లో దీనికి జాతీయ అవార్డు కూడా ఇచ్చింది. ఇంత వరకూ ఇంట్లో చెప్పాను. ఆ పేరు తూర్పు జర్మనీలో 1957లో తీసిన ఒక పిల్లల సినిమాదని, 1964లో బీబీసీ దాన్ని సీరియల్‌గా వేస్తే ఇక్కడి పిల్లలు దడుచుకున్నారని మాత్రం చెప్పలేదు.

ప్రయాణానికి తెల్లవారుజామునే పులిహోర కలిపారు. పెరుగన్నంలో దానిమ్మ గింజలు పడ్డాయి. జూన్ నెలలో స్వెట్టర్లు, శాలువాలు, మామయ్యగారి మంకీ క్యాప్ సర్దారు. దారిలో హాస్లింగ్‌డెన్ పైన కొండ మీద ‘హేలో’ కనిపించింది. అది 18 మీటర్ల అడ్డం ఉన్న ఉక్కు జల్లెడ చక్రం, మూడు కాళ్ళ మీద నిలబెట్టారు, రాత్రిపూట నీలంగా వెలుగుతుంది. బర్న్‌లీ చెట్టుతో కలిపి తూర్పు లాంకషైరులో ఇలాంటివి నాలుగు పెట్టారని, మిల్లులు మూతపడి నీరసించిన ప్రాంతం మళ్ళీ లేస్తోందనడానికి ఇవి గుర్తులని వివరించాను. మామయ్యగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుని వీధిలో వెళ్ళే బస్సు చప్పుడు విని గేరుబాక్సు ఎన్నాళ్ళు వస్తుందో చెప్పేవారని మా ఆవిడ చెబుతుంది. “చక్రం బాగుంది అల్లుడుగారూ” అన్నారు చివరికి. “బస్సేదీ?”

క్రౌన్ పాయింట్ చేరాం. కారు ఆపడానికి కూడా డబ్బు తీసుకోలేదు. నా ఆనందానికి అవధుల్లేవు. దిగి చూస్తే కింద బర్న్‌లీ, ఎదురుగా 557 మీటర్ల పెండిల్ కొండ, చుట్టూ గడ్డి, గొర్రెలు. గొర్రెల ఒంటి మీద ఊలు కదలటం లేదు. గడ్డి కదలటం లేదు. ఏడాది పొడవునా టోపీలు ఎగరగొట్టే పెనైన్ గాలి, మా అత్తగారు వచ్చిన రోజున సెలవు పెట్టింది.

చెట్టు దగ్గరికి నడిచాం. నిశ్శబ్దం. అత్తయ్యగారు కొంగు నడుముకి దోపుకుని, చెవి ఒగ్గి ఒక గొట్టం దగ్గర నిలబడ్డారు. కాసేపాగి ఇంకో గొట్టం దగ్గరికి మారారు. తర్వాత కూతురి వైపు తిరిగి, “బోరు వేసేవాళ్ళు వదిలేసి పోయిన గొట్టాల్లా ఉన్నాయే అమ్మాయీ. ఇంకా మొదలెట్టలేదా?” అన్నారు.

“గాలి రావాలి” అన్నాను.

“గాలి రావాలట” అంది మా ఆవిడ, నేను చెప్పింది ఆవిడకి వినపడనట్టు.

ఇంటి పెద్ద అనేవాడికి ఇలాంటి సమయంలో ఒక బాధ్యత ఉంటుంది. గాలి రాకపోతే రప్పించాలి. నేను అటూ ఇటూ చూసి, అందేంత ఎత్తులో ఉన్న గొట్టానికి నోరు ఆనించి ఊదాను. ఏమీ రాలేదు. ఇంకోటి ఊదాను. ఊపిరంతా బిగబట్టి, బుగ్గలు పూరించి, కళ్ళు బైర్లు కమ్మేదాకా ఊదాను. గొట్టం లోపల కాపురమున్న పురుగేదో బయటికొచ్చి నన్నొకసారి చూసి మళ్ళీ లోపలికెళ్ళింది. మా అమ్మాయి ఫోనులో వీడియో తీస్తోందని నాకు తర్వాత తెలిసింది. “1612లో ఈ పెండిల్ కొండ చుట్టుపక్కల వాళ్ళని పదిమందిని మంత్రగత్తెలన్న పేరు పెట్టి ఉరితీశారట. మీరు కాస్త ఆగితే మంచిది” అంది మా ఆవిడ. దారిలో ఆ కథ చెప్పింది నేనే.

సరిగ్గా నేను మూడొంతులు వంగి ఉన్నప్పుడు, కుక్కని తిప్పుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. ఇంగ్లీషువాళ్ళ మర్యాద గొప్పది. శిల్పానికి ముద్దు పెడుతున్న మనిషిని చూసి కూడా ఆయన కనుబొమ ఎత్తలేదు. “మీరు అదృష్టవంతులు. ఇక్కడ గాలి లేని రోజు దొరకదు” అని అభినందించి, కుక్కని లాక్కుంటూ వెళ్ళిపోయాడు. కుక్క మాత్రం వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

మాట మార్చడానికి కింద ఊరి వైపు చెయ్యి చూపించి ఉపన్యాసం అందుకున్నాను. “ఆ కనిపించే బర్న్‌లీ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ఎక్కువ నూలు గుడ్డ నేసిన ఊళ్ళలో ఒకటి. ఈ లాంకషైరు గుడ్డలో బోలెడంత మన దేశానికే వచ్చేది. ఇక్కడికి దగ్గర్లోనే డార్వెన్ అని ఇంకో ఊరుంది. 1931లో గాంధీగారు లండను వచ్చినప్పుడు అక్కడికి వెళ్ళారు. మన విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బకి పనుల్లేక కూర్చున్న మిల్లు కార్మికులే ఆయన్ని ఆదరంగా చూశారు.”

అత్తయ్యగారి పుట్టిల్లు మంగళగిరి. మగ్గాల ఇల్లు. ఆ సంగతి నాకు ఉపన్యాసం మధ్యలో గుర్తొచ్చింది. ఆవిడ కింద ఊరిని చూశారు, చెట్టుని చూశారు. ఇన్నేళ్ళలో మొదటిసారి నా వైపు తిరిగి మాట్లాడారు.

“అంటే, మా తాతగారి మగ్గం నోరు మూయించి, వీళ్ళు ఇక్కడ గొట్టాలు పెట్టి పాడించుకుంటున్నారా?”

నా దగ్గర సమాధానం లేదు. చెట్టు దగ్గరా లేదు.

ఈ లోపల మామయ్యగారు శిల్పం చుట్టూ తిరుగుతూ ఉన్నారు. వేలితో తట్టి చూశారు. కింద కూర్చుని పైకి చూశారు. అతుకు దగ్గర గోటితో గీకారు. “పూత బాగా పట్టింది. ఇంత తడిలో ఇన్నేళ్ళున్నా తుప్పు లేదు” అన్నారు మొదట. తర్వాత, “అన్ని గొట్టాలూ పలకవు అల్లుడుగారూ. కొన్నిటికే కోత పెట్టారు. పిల్లనగ్రోవి సూత్రం. పొడుగుని బట్టి కింద కంత వేసి శ్రుతి చేశారు. కోత లేనివి బరువు మోయడానికి, అందానికి. మీరు ఇందాక ఊదింది బరువు మోసేదాన్ని” అన్నారు. ఇదంతా నేను రాత్రంతా మేలుకుని చదివిన విషయం. ఆయన పావుగంటలో చేత్తో తడిమి చదివేశారు. “మరి పలకదేం?” అని మా అమ్మాయి అడిగితే, “గాలొస్తే పలుకుతుంది, లేకపోతే లేదు. సెల్ఫ్ కొట్టి స్టార్ట్ చెయ్యడానికి ఇదేం బస్సా!” అన్నారు.

వాళ్ళు దుప్పటి పరుచుకుని పులిహోర తింటూ కూర్చున్నారు. కబుర్లలో పడ్డారు. ఆ గొర్రెలు ఎవరివి, రాత్రికి ఎక్కడ పడుకుంటాయి, పొయ్యి మీద పెట్టొచ్చిన పాలు దించామా లేదా. నేనొక్కడినే నిలబడి ఉన్నాను. అప్పుడు నా జబ్బేమిటో నాకు అర్థమైంది. టికెట్టు కొని లోపలికెళ్తే ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. ప్రతి గదీ చూడాలి, ప్రతి పలకా చదవాలి, మూసేవేళ బంట్రోతు వచ్చి బయటికి తోసేదాకా ఉండాలి. మనిషికి పాతిక పౌన్లు పెట్టినప్పుడు గంటకి ఎంత గిట్టిందో లెక్క తేలాలి. ఇక్కడ ఆ లెక్క లేదు. గేటు లేదు కనుక చూడటం ఎక్కడ మొదలైందో తెలియదు, ఎక్కడ పూర్తయిందో తెలియదు. సున్నాతో దేన్ని భాగిస్తే ఎంతొస్తుందో మా లెక్కల మాస్టారు చెప్పలేదు. ఉచితాల మీద ఇంత సిద్ధాంతం కట్టిన నాకు ఉచితంగా దొరికినదాన్ని ఎలా చూడాలో చేతకాలేదు. ఏ సిద్ధాంతమూ లేని నలుగురూ, పొట్లం విప్పుకుని హాయిగా దాని నీడన కూర్చున్నారు.

చేతకానితనం కోపంగా మారడానికి ఎంతో సేపు పట్టదు. “గాలొస్తేగానీ మోగని వాయిద్యానికి ప్రజల డబ్బు పెట్టారు. ఇక జన్మలో దీని పేరెత్తను” అని గట్టిగా ప్రకటించాను. గొర్రెలు కూడా విన్నాయి. తిరిగొచ్చేటప్పుడు అత్తయ్యగారి చెప్పు బురదలో దిగబడి తెగింది. బర్న్‌లీలో బూట్లు కొన్నాం. చలికి వణుకుతున్నారని ఐదుగురికీ టీ, స్కోన్లు ఇప్పించాను. పెట్రోలు సరేసరి. రాత్రి ఫ్రిజ్ తలుపు మీద పెన్సిలుతో వేసిన కూడిక పక్కన ఇవాళ్టి ఖర్చు మా ఆవిడ పెన్నుతో వేసింది. పెద్ద తేడా లేదు.

అత్తయ్యగారు, మామయ్యగారు ఆగస్టులో తెనాలి వెళ్ళిపోయారు. నేను ఊదుతున్న వీడియో అక్కడ మా బంధువర్గమంతా చూసింది. ఒక పెదనాన్నగారు ఫోను చేసి ఆయాసానికి మందు పేరు చెప్పారు.

ఇక ఇప్పటిదాకా ఇంట్లో చెప్పనిది. అక్టోబరులో ఒక శనివారం, టీవీలో వాతావరణం చెప్పేవాళ్ళు పెనైన్ కొండల్లో ఈదురుగాలులని హెచ్చరించారు. బయటికి వెళ్ళొద్దన్నారు. నాకు అది ఆహ్వానపత్రికలా వినిపించింది. జన్మలో పేరెత్తనని అందరి ముందూ అన్నవాణ్ణి, చెట్టుని చూసొస్తానని ఏ మొహంతో చెప్పను? “కారు చక్రాలకి అలైన్‌మెంట్ చేయించాలి” అని చెప్పి బయల్దేరాను.

క్రౌన్ పాయింట్‌లో కారు తలుపు తెరవడానికి భుజం పెట్టి తొయ్యాల్సొచ్చింది. దారి మీద సగానికి రాకముందే వినిపించింది. పాట అనలేను. రాగం లేదు, తాళం లేదు. ఒకేసారి పదిమంది తలో స్థాయిలో కంఠం ఎత్తినట్టుంది. అడుగున ఎక్కడో మంద్రంలో ఒక హుంకారం, పైన సన్నగా ఇంకో ఈల, మధ్యలో ఒకదానితో ఒకటి పడని స్వరాలు. గాలి కొంచెం దిశ మార్చగానే కొన్ని గొంతులు మానేసి వేరేవి అందుకున్నాయి. దగ్గరికెళ్ళేసరికి చెవికంటే ముందు ఛాతీకి తగిలింది. జూన్‌లో నేను ముద్దులు పెట్టిన గొట్టం ఏ చప్పుడూ చెయ్యకుండా మిగతావాటిని మోస్తోంది. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. వాచీ చూడలేదు. నా జీవితంలో లెక్క వెయ్యని సమయం అంటూ ఏదైనా ఉంటే అదే. చెవులు మొద్దుబారి, ముక్కు కారి, టోపీ హాలిఫాక్సు వైపు ఎగిరిపోయాక కారెక్కాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఫోనులో కాసేపు రికార్డు చేసి ఉన్నాను. ఆవేశంలో దాన్ని కుటుంబం గ్రూపులో పెట్టేశాను. “వినండి” అని ఒక్క మాట రాశాను. వినేవాళ్ళు తమంతట తామే పోల్చుకుని నివ్వెరపోవాలని నా కోరిక.

ఇంటికొచ్చేసరికి మామయ్యగారి వాయిస్ మెసేజి సిద్ధంగా ఉంది. మా ఆవిడ అందరికీ వినపడేలా పెట్టింది.

“అల్లుడుగారూ, విన్నాను. వీల్ బేరింగు. వెనక, ఎడమవైపు. పూర్తిగా పోయింది. మోటారువే ఎక్కకండి, పిల్లని ఆ కారెక్కించకండి. ఇవాళే మార్పించండి.”

మా ఆవిడ నా వైపు చూసింది. “పొద్దున్నే చక్రాలు చూపిస్తానని వెళ్ళారుగా? అక్కడ ఏం చూశారు?”

నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే బేరింగు మార్చాలి. రెండింటి ధరా మనసులో పక్కపక్కన పెట్టుకున్నాను. పరువే కొంచెం ఎక్కువ తేలింది.

సోమవారం మెకానిక్ కారు తీసుకుని ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చి, బేరింగుకి ఏమీ కాలేదన్నాడు. ఎడమవైపు వెనకది మార్చమన్నాను. బాగుందన్నాడు. మార్చమన్నాను. ఇంకేమీ అడక్కుండా మార్చి, పాతదాన్ని గుడ్డలో చుట్టి చేతికిచ్చాడు. మామయ్యగారు ఫోటో పంపమన్నారు, పంపాను. “చూశారా, ఎంత అరిగిపోయిందో!” అని రాశారు. కొత్తది వేశాక ఎలా ఉందో చప్పుడు రికార్డు చేసి పంపమన్నారు. మోటారువే మీద, గాలి లేని రోజు చూసి, కిటికీలన్నీ మూసి మా అమ్మాయి చేత రికార్డు చేయించి పంపాను. కాసేపటికి జవాబొచ్చింది.

“ఇప్పుడు శ్రుతి కుదిరింది.”